కాన్పు ఆపరేషను మచ్చలో నెలనెలా వచ్చు నొప్పి

ఆరోగ్యమనగానే గ్రామ పంచాయతీ సభ్యులకు మంచినీటి బావి, మురుగు కాలువ, దోమలు, టీకాలు జ్ఞప్తికి వచ్చును. ఇవి అందరి కంటికిని కనపడు విషయములు. ఇంటి గోడల నడుమ, ఒక స్త్రీ దేహమునందు, నెలకు నాలుగైదు దినములు తలచూపి మరల మరుగుపడు బాధలు పంచాయతీ దృష్టికి రావు. అట్టి బాధ ఒకదానిని గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచినాము.

సిజేరియన్ ఆపరేషను వలన బిడ్డను కన్న కొందరు స్త్రీలకు, కొంతకాలము గడచిన పిమ్మట, ఆ కుట్టు మచ్చలోనే ఒక గట్టి గడ్డ ఏర్పడును. బహిష్టు అయినప్పుడెల్లను ఆ గడ్డ సలుపును, ఉబ్బును. బహిష్టు దినములు గడవగానే నెమ్మదించును. వైద్యులు దీనిని మచ్చలోని ఎండోమెట్రియోసిస్ అని పిలుచుచున్నారు. పేరు కొత్తగా తోచినను, తెలిసినవారికి దీనిని అనుమానించుట కష్టము కాదు. అనుమానించి ఆసుపత్రికి పంపినచో చాలవరకు ఒక ఆపరేషనుతో నయమగును. అనుమానింపకపోవుట వలననే స్త్రీలు ఏండ్ల తరబడి బాధపడుచున్నారు.

మన గ్రామములకు దీనితో సంబంధమేమి?

ఇది అరుదైన జబ్బు. పదివేల సిజేరియన్ కాన్పులలో 3 మొదలు 40 వరకు ఇట్టివి కనపడుచున్నవని వైద్య పరిశీలనలు తెలుపుచున్నవి. ఇంత అరుదైనదానికి ఈ పుటలు ఏల అని సభ్యులు అడుగవచ్చును. సిజేరియన్ కాన్పులు మనకడ అరుదు కాకపోవుటయే ఇందుకు కారణము.

2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు. దేశమంతటను నూటికి సుమారు 21 కాన్పులు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో నూటికి 60 సిజేరియన్లని ఆ సర్వే తేల్చినది. తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 81 కాన్పులు ఆపరేషనుతోనే జరిగినవి.

ఇప్పుడొక లెక్క వేసి చూతము. ఏబది వేల జనాభా గల మండలము ఒకటి ఉన్నదనుకొందము. వేయి మందికి సాలుకు పదునారు కాన్పుల చొప్పున ఎనిమిది వందల కాన్పులగును. నూటికి అరువది సిజేరియన్లయినచో సాలుకు 480, పదేండ్లకు 4,800. వీరిలో ఒకరిద్దరు మొదలు పందొమ్మిదిమంది వరకు ఈ మచ్చ జబ్బుతో బాధపడుచుండవచ్చును. ఒక ఊరిలో ఒక్కరైనను లేకపోవచ్చును గాని, మండలములో బహుశః ఉందురు. ఆ ఒక్కరు మన ఊరి ఇల్లాలే అయినచో ఆమెకు దారి చూపువారెవరు?

ఈ గడ్డ ఎట్లు ఏర్పడును?

గర్భసంచి లోపలి గోడకు ఒక మెత్తని పొర కలదు. అండాశయములలో పుట్టు హార్మోనుల ప్రభావమున ఈ పొర ప్రతి నెలయు మందముగా పెరుగును. గర్భము నిలువనిచో విడివడి రక్తముతో వెలువడును. ఇదియే బహిష్టు. ఈ పొరను పోలిన కణజాలము గర్భసంచి వెలుపల ఎక్కడనైనను పెరిగినచో ఆ స్థితికి ఎండోమెట్రియోసిస్ అని పేరు. ప్రపంచమునందు పిల్లలను కను వయసులోనున్న స్త్రీలలో నూటికి సుమారు పదిమందికి ఏదో ఒక రూపమున ఇది ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువ మందిలో ఇది పొత్తికడుపు లోపల, అండాశయముల వద్ద ఏర్పడును. మచ్చలో ఏర్పడుట ఇందులో ఒక చిన్న భాగము మాత్రమే.

సిజేరియన్ ఆపరేషనులో కడుపు గోడను కోసి, ఆపై గర్భసంచిని కోసి బిడ్డను వెలికి తీయుదురు. ఆ సమయమున గర్భసంచి లోపలి కణములు కొన్ని కడుపు గోడ అంచులకు అంటుకొనవచ్చును. వీనిలో దాదాపు అన్నియు నశించిపోవును. ఏ కొలదిమందిలోనో అవి అచటనే నాటుకొని బ్రదుకును. నారుమడికి విత్తనములు మోసికొనిపోవునపుడు కొన్ని గింజలు గట్టుపై రాలుట రైతులెరిగినదే. అన్నియు మొలవవు. తడి తగిలినవి మాత్రము మొలకెత్తును. మచ్చలో నాటుకొన్న కణములకు హార్మోనులే ఆ తడి. నెలనెలా హార్మోనులు పెరిగినప్పుడు గర్భసంచిలోని పొర ఎట్లు ఉబ్బి రక్తమును విడుచునో, మచ్చలోని కణములును అట్లే ఉబ్బి రక్తమును విడుచును. గర్భసంచి రక్తము వెలుపలికి పోవుటకు దారి కలదు. మచ్చలోని రక్తమునకు దారి లేదు. అది చుట్టునున్న కండను, కొవ్వును రేపి వాపు కలిగించును. క్రమముగా చుట్టును గట్టి నార వంటి కణజాలము పెరిగి గడ్డ అగును.

ఇది కొత్త జబ్బు కాదు. 1903వ సంవత్సరమునాటికే జర్మనీ వైద్యుడు రాబర్ట్ మేయర్ ఆపరేషను మచ్చలో ఇట్టి కణజాలమును వర్ణించెను. ఎండోమెట్రియోసిస్ అను పేరును 1920లలో వాడుకలోనికి తెచ్చినవాడు అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్. నూరేండ్లకు పైగా తెలిసిన విషయమే అయినను గ్రామములకు ఇంకను చేరలేదు.

సిజేరియన్ తరువాతనే కాక, గర్భసంచిని తొలగించు ఆపరేషను, కుటుంబ నియంత్రణ ఆపరేషను, లాపరోస్కోపీ మచ్చలలో గూడ ఈ గడ్డలు కనపడినవి. సహజ కాన్పులో బిడ్డ వచ్చు దారిని కొంచెము కోసి కుట్లు వేసినచోట సయితము అరుదుగా ఏర్పడును.

గుర్తులు ఎట్టివి?

మూడు విషయములు కలిసినచో దీనిని అనుమానింపవలెను. మొదటిది, గతమున సిజేరియన్ అయియుండుట. రెండవది, కుట్టు మచ్చలోగాని దాని ప్రక్కనగాని చేతికి తగులు గట్టి గడ్డ. మూడవది, బహిష్టుతోపాటు వచ్చి, బహిష్టుతోపాటు తగ్గు నొప్పి. కొందరికి గడ్డపై చర్మము నల్లబడును లేక నీలముగా మారును. కొందరికి బహిష్టు దినములలో మచ్చనుండి కొంచెము నల్లని రక్తము స్రవించును.

కాన్పు కాగానే ఈ బాధ మొదలుకాదు. బిడ్డకు పాలిచ్చు కాలమున చాలమందికి బహిష్టులు ఆగియుండును. తిరిగి మొదలైన పిమ్మట గడ్డ కొంచెము కొంచెముగా పెరుగును. కొందరికి కొన్ని నెలలలో, చాలమందికి కొన్ని ఏండ్లకు బాధ తెలియవచ్చును. ఇన్నాళ్ళ తరువాత వచ్చిన నొప్పికిని పాత ఆపరేషనుకును సంబంధము ఉండునని ఇంటిలో ఎవరికిని తోచదు.

మరియొక విషయము గమనింపవలెను. అందరికిని నొప్పి నెల లెక్క తప్పకుండ రాదు. కొందరికి ఎల్లప్పుడును ఉండును. కావున నొప్పి నెలనెలా రాదను కారణమున ఇది కాదని కొట్టివేయరాదు. మచ్చలో గడ్డ తగిలినచో పరీక్ష చేయింపవలసినదే.

ఏల పొరబడుచున్నారు?

మన గ్రామములలో జరుగు తీరును ఊహించి చూడుడు. తొలి కాన్పు పుట్టింట జరుగును. ఆపరేషను కాగితములు పుట్టింటి బీరువాలోనే ఉండిపోవును. మూడేండ్లకు అత్తవారి ఊరిలో నొప్పి మొదలగును. బాలింతగా పథ్యము సరిగా చేయలేదని ఒకరు, వాతము చేసినదని ఒకరు, బరువులు ఎత్తినందున కుట్లు పిగిలినవని ఒకరు అందురు. ఆర్.ఎం.పి. డాక్టరు నొప్పి మాత్రలిచ్చును. మాత్రలు మింగిన నాలుగు దినములకు నొప్పి తగ్గును. మాత్రలు మింగకున్నను ఆ దినములకు తగ్గెడిదే. కాని మందు పనిచేసినదని అందరును నమ్ముదురు. వచ్చు నెల మరల నొప్పి. ఆ నాలుగు దినములు కూలికి పోలేదు, వంగి నాటు వేయలేదు, బిడ్డను చంకకు ఎత్తుకొనలేదు. నెలకు నాలుగు దినములనగా సంవత్సరమునకు నలువది ఎనిమిది. సంవత్సరములో నెలన్నరకు పైగా ఆమె జీవితమునుండి, ఆ ఇంటి రాబడినుండి తీసివేయబడుచున్నది.

బహిష్టును గూర్చి మగవారి యెదుట మాటలాడుట మనకడ అలవాటు లేదు. అందువలన వైద్యుని వద్దకు పోయినను ఆమె కడుపు నొప్పి అని మాత్రమే చెప్పును. ఏ దినములలో వచ్చుచున్నదో చెప్పదు. వెంట వచ్చిన భర్తకు తెలియదు. రోగమును పట్టియిచ్చు ముఖ్యమైన సాక్ష్యము అచటనే మరుగుపడును.

వైద్యులు సయితము మొదట దీనిని వేరు జబ్బుగా భావించుట కలదు. చీము గడ్డ, కొవ్వు గడ్డ, కుట్టు దారము వలన ఏర్పడిన గడ్డ, హెర్నియా అని తలచుదురు. చీము గడ్డ అనుకొని కోసినచో చీము రాక చిక్కని నల్లని రక్తము వచ్చును, గడ్డ మాత్రము పోదు. కావున ఇంటివద్ద గాని, చిన్న దుకాణములవంటి వైద్యశాలలలో గాని మచ్చలోని గడ్డను కోయనీయరాదు.

తేడాలను స్థూలముగా తెలుసుకొనవచ్చును. హెర్నియా సాధారణముగా దగ్గినప్పుడు ఉబ్బి, పడుకొన్నప్పుడు లోనికి పోవును. చీము గడ్డకు జ్వరము, ఎరుపు, వేడి తోడగును. ఎండోమెట్రియోసిస్ గడ్డ పడుకొన్నను పోదు, జ్వరము ఉండదు. అయితే ఉబ్బు లోనికి పోక గట్టిపడి, తీవ్రమైన నొప్పియు వాంతులును కలిగినచో అది చిక్కుకొన్న హెర్నియా కావచ్చును. అప్పుడు ఒక్క గంటయైనను జాగు చేయక పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇంకొక ప్రమాదము కలదు. మన రెండు రాష్ట్రములలో గర్భసంచిని తొలగించు ఆపరేషనులు దేశపు సగటు కంటె ఎక్కువగా జరుగుచున్నవి. బహిష్టు సమయములో నొప్పి అనగానే గర్భసంచి తీసివేయుమని సలహా యిచ్చువారు ఉన్నారు. మచ్చలోని గడ్డ కడుపు గోడలో ఉన్నది గాని గర్భసంచిలో లేదు. గర్భసంచిని తొలగించినంత మాత్రమున ఆ గడ్డ పోదు. అండాశయములు పనిచేయుచున్నంతకాలము నొప్పి కొనసాగవచ్చును. డబ్బు పోవును, అవయవము పోవును, బాధ మిగులును.

పరీక్షయు చికిత్సయు

మొదటి పరీక్షకు యంత్రము అక్కరలేదు. నొప్పి వచ్చిన తేదీలను, బహిష్టు తేదీలను మూడు నెలలపాటు ఇంటిలోని క్యాలెండరుపై గుర్తు పెట్టిన చాలును. రెండును కలిసినచో వైద్యునికి సగము దారి తెలిసినట్లే. ఆ కాగితమును, పాత ఆపరేషను డిశ్చార్జి కాగితమును వెంట తీసికొనిపోవలెను.

ఆసుపత్రిలో స్త్రీల వైద్యురాలుగాని సర్జనుగాని గడ్డను తాకి చూచి, అల్ట్రాసౌండు స్కానింగు చేయింతురు. గడ్డ లోతుగా ఉన్నదని తోచినచో ఎం.ఆర్.ఐ. చేయింపవచ్చును. కొన్ని సందర్భములలో సన్నని సూదితో కొంత కణజాలమును తీసి పరీక్షింతురు. తీసివేసిన గడ్డను సూక్ష్మదర్శినితో పరీక్షించినపుడే రోగము పూర్తిగా రుజువగును. ఆ పరీక్ష రిపోర్టును తప్పక అడిగి తీసికొని దాచవలెను.

స్థిరమైన చికిత్స గడ్డను పూర్తిగా తొలగించుటయే. గడ్డను మాత్రమే గాక, చుట్టును సుమారు ఒక సెంటీమీటరు మంచి కణజాలమును గూడ కలిపి తీయుదురు. కొంచెము మిగిలినను తిరిగి పెరుగుటకు అవకాశమున్నది. గడ్డ కండపై పొరలోనికి వ్యాపించియుండి ఎక్కువ భాగము తీయవలసి వచ్చినచో, కడుపు గోడ బలహీనపడకుండ జాలి వంటి వలను అమర్చుదురు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే వచ్చినచో ఆపరేషనును చిన్నదగును. ఆలస్యమును తగ్గింపుడని మేము కోరుటకు ఇదియొక కారణము. హార్మోను మాత్రలు, సూదులు నొప్పిని కొంతకాలము తగ్గించును గాని, ఆపిన పిమ్మట నొప్పి తిరిగి వచ్చుట సాధారణము.

కొన్ని సందేహములు

ఇది అంటువ్యాధియా? కాదు. భర్తకుగాని బిడ్డలకుగాని సోకదు.

క్యాన్సరా? కాదు. ఏండ్ల తరబడి ఉన్న గడ్డ క్యాన్సరుగా మారుట మిక్కిలి అరుదు. అయినను వేగముగా పెరుగు గడ్డను వెంటనే చూపింపవలెను.

మరల పిల్లలు కలుగరా? కడుపు గోడలోని గడ్డ గర్భము నిలుచుటకు అడ్డు కాదు. కొందరికి కడుపు లోపల గూడ ఎండోమెట్రియోసిస్ ఉండవచ్చును. దానిని గూర్చి వైద్యురాలిని విడిగా అడుగవలెను.

ఆపరేషను చేసిన డాక్టరు తప్పా? అట్లు అనరాదు. జాగ్రత్తగా చేసిన ఆపరేషనులలో గూడ ఇది జరుగును. కోత స్థలమును శుభ్రముగా కడుగుట, గర్భసంచి కుట్టుటకు వాడిన సూదిని కడుపు గోడకు వాడకుండుట వంటి జాగ్రత్తలను నిపుణులు సూచించుచున్నారు.

దానంతట అది పోదా? ముట్లుడిగిన పిమ్మట సాధారణముగా శాంతించును. కాని ఇరువది అయిదేండ్ల ఇల్లాలిని ఇంకొక ఇరువది ఏండ్లు ఓర్చుకొమ్మనుట న్యాయమా?

సిజేరియన్‌కు భయపడవలెనా?

ఈ వ్యాసమును చదివి ఎవరును అవసరమైన ఆపరేషనుకు వెనుకాడరాదు. బిడ్డ అడ్డముగా తిరిగినప్పుడు, మాయ దారికి అడ్డుపడినప్పుడు, బిడ్డ గుండె కొట్టుకొనుట తగ్గినప్పుడు సిజేరియన్ తల్లిని బిడ్డను బ్రదికించును. అట్టి సమయమున ఆలోచించుటకు వ్యవధి కూడ ఉండదు. అయితే మంచి ముహూర్తము కొరకు బిడ్డను కోసి తీయించుట, నొప్పులు భరింపలేదని తొందరపడుట, ఆసుపత్రివారు చెప్పిన కారణమును అడుగకయే ఒప్పుకొనుట మన ప్రాంతములలో కనపడుచున్నవి. జనాభా మొత్తముపై చూచినపుడు సిజేరియన్లు నూటికి పది దాటిన పిమ్మట తల్లుల, శిశువుల మరణములు తగ్గుటకు వానికి సంబంధము కనపడుటలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. కోత లేనిచోట ఆ కోత మచ్చయు లేదు. అక్కరలేని సిజేరియన్‌ను తప్పించుటయే ఈ జబ్బునకు మేలైన నివారణ.

పంచాయతీ చేయగల పనులు

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఈ క్రింది పనులను మేము సూచించుచున్నాము.

ఒకటి: గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘ సమావేశములో ఒకసారి ఈ విషయమును చర్చింపుడు. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., అంగన్‌వాడీ టీచరు ముగ్గురును హాజరగునట్లు చూడుడు.

రెండు: అంగన్‌వాడీలో నెలనెలా జరుగు ఆరోగ్య దినమున, సిజేరియన్ అయిన తల్లులను ఒక్క ప్రశ్న అడుగుమని ఆశా కార్యకర్తకు చెప్పుడు: "అమ్మా, మీ కుట్టు మచ్చలో గడ్డగాని, ముట్టు దినములలో నొప్పిగాని ఉన్నదా?" ఉన్నదన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచటినుండి సర్జను ఉన్న ఆసుపత్రికి పంపవలెను.

మూడు: కాన్పు కాగితములు, తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి చీటీ ఎవరి యింట కాన్పు జరిగినను తల్లి వెంటనే అత్తవారింటికి రావలెనని ప్రచారము చేయుడు.

నాలుగు: ఆసుపత్రికి పోవువారికి ఖర్చుల విషయమున దారి చూపుడు. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏ చికిత్సకు వీలున్నదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా అడుగుమని చెప్పుడు.

అయిదు: మహిళా సభ్యులు ముందునకు రావలెను. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. మగవారి యెదుట చెప్పుకొనలేని మాటను ఒక వార్డు సభ్యురాలితో చెప్పుకొనుట ఇల్లాలికి సులువు. పురుష సభ్యులు తమ ఇండ్లలో ఈ వ్యాసమును చదివి వినిపించినచో అదియు సేవయే.

స్త్రీ తన నొప్పిని ఓర్చుకొనుటను మనము సహనమని మెచ్చుకొనుచు వచ్చినాము. మందు ఉన్న నొప్పిని ఓర్చుకొమ్మని చెప్పుట మెప్పుదల కాదు. బిడ్డను కన్నందులకు మిగిలిన మచ్చ నెలనెలా శిక్షగా మారరాదు. వచ్చు సమావేశమున ఈ విషయమును కార్యక్రమ పట్టికలో చేర్చి, మీ ఊరిలో ఎవరికైన ఈ బాధ ఉన్నదేమో విచారింప మొదలిడుడని సభ్యులను కోరుచున్నాము.